ఎదుగుమను పిలుపు

కాళ్లు చాచి పీటపై కూర్చుండి, పసిబిడ్డను ఆ కాళ్లమీద పరుండబెట్టుకొని, ఒంటికి నువ్వులనూనె మర్దించి, సున్నిపిండితో నలుగు పెట్టి, చేతిని బిడ్డ నుదుటికి అడ్డముంచి వేన్నీళ్లు పోయు అమ్మమ్మల చేతులకు, ఏ వైద్యకళాశాలయందును నేర్పని యొక విద్య పట్టువడి యుండును. నిన్నటికంటె నేడు పిక్క యెంత గట్టిపడినదో, తొడ యెంత నిండినదో, మెడ యెంత నిలిచినదో ఆ చేతులు కాటాకంటె ముందుగా చెప్పును. "వీడు ఒళ్లు చేసినాడే" యని తల్లితో అనునది ఆ చేతుల తీర్పే. ఎన్నడో ఒకనాడు, ఎక్కడో ఒక యింట, ఆ చేతికే బిడ్డ తొడలోనో ముంజేతిలోనో మెడప్రక్కనో, నొక్కినను బిడ్డ ఏడవని చిన్న ముద్ద యొకటి తగులును. కండ కావలెనని బయలుదేరి, కండ కాకయే నిలిచి, పెరుగుటను మాత్రము మానని కణముల గుంపు అది.

దానికి వైద్యులు పెట్టిన పేరు నోరు తిరుగనిది, రాబ్డోమయోసార్కోమా. గ్రీకున కఱ్ఱకును కండరమునకును మాంసమునకును గల మూడు మాటలను ముడివేసి కూర్చిన పేరది. ఎముకలను విడిచి మెత్తని కణజాలములయందు పుట్టు సార్కోమాలలో పిల్లలకు తఱచుగా వచ్చునది ఇదియే. అయినను రక్తక్యాన్సరువలె మాటిమాటికి వినబడునది కాదు. అమెరికాలో 20 ఏండ్లలోపువారు పదిలక్షలమందిని తీసికొనినచో, ఏటా అందు నలుగురైదుగురికి మాత్రమే ఇది సోకుచున్నది. వారిలో సగముకంటె ఎక్కువమంది పదేండ్లలోపువారు. కంటిగుంటలో పుట్టినచో కన్ను ముందునకు పొడుచుకొని వచ్చును. ముక్కునకో చెవికో లోపలి భాగమున పుట్టినచో ఎంతకును తగ్గని జలుబువలెనో చీమువలెనో కనబడి మోసపుచ్చును. మూత్రాశయమున పుట్టినచో ఒక్కొక్కప్పుడు ద్రాక్షగుత్తి ఆకృతిని దాల్చును. ఈ చివరిది మిక్కిలి వింత. మనము ఇచ్చవచ్చినట్లు కదలించు జాతి కండరము మూత్రాశయపు గోడలో లేదు. లేనిచోట ఆ కండరపు క్యాన్సరు ఎట్లు మొలచినదని శాస్త్రజ్ఞులు చిరకాలము తలలు పట్టుకొనిరి. రక్తనాళముల లోపొరగా రూపొందవలసిన పూర్వకణములు సైతము దారితప్పి ఈ కణితిగా మారగలవని, మెంఫిస్ నగరమందలి సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధకులు 2018లో ఎలుకలయందు చూపిరి.

ఈ కణితి ముక్కను పలుచని పొరగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిక్రింద పెట్టినప్పుడు కానవచ్చు దృశ్యమును కొంచెము నిదానించి చూడవలెను. ముదురు నీలిరంగు కేంద్రకములతో నిండిన చిన్న గుండ్రని కణములు జాతరలో జనమువలె క్రిక్కిరిసి యుండును. వాని నడుమ అక్కడక్కడ తోకకప్పవలె ఒకవైపు సాగిన కణమొకటి, నడికట్టువలె పొడవైన కణమొకటి, గులాబీవన్నె మేనితో తేలును. అదృష్టవశమున ఆ మేనిపై సన్నని అడ్డచారలు కూడ కనబడును. ఆ అడ్డచారలే కండరమునకు ఆనవాలు. సహజముగా కండరమగు కణము కొంతకాలము విభజింపబడి, తగినంత సంఖ్యకు రాగానే ఒకదానితో నొకటి కలిసి పొడవైన తంతువై, ఇక విభజింపబడుటకు స్వస్తి చెప్పి పనిలో ప్రవేశించును. ఆ పరిణామమును నడిపించు మయోడి, మయోజెనిన్ అను ప్రోటీనులు ఈ కణితి కణములలో పుష్కలముగా నున్నవి. రోగనిర్ణయము చేయు పాథాలజిస్టు మయోజెనిన్ రంగు పట్టినదా లేదా యని చూచియే ఇది ఫలానా వ్యాధి యని వ్రాయును. అనగా పుస్తకములు కొన్నారు, బడికి వెళ్లినారు, పాఠము విన్నారు, పరీక్షకు మాత్రము కూర్చుండరు. పైతరగతికి పోవలసిన పిల్లలందఱును మొదటి తరగతిలోనే ఉండిపోయి, ఏటేట క్రొత్త పిల్లలు వచ్చి చేరుచుండిన బడి ఎట్లుండునో ఈ కణితి అట్లుండును.

ఇట్లు వానిని ఆగనీయక, "ఎదుగుము, ఎదుగు"మని పిలుచుచున్నదెవరు? ఈ ప్రశ్నకు సమాధానము వృద్ధికారకములను చిన్నచిన్న ప్రోటీనులలో నున్నది. ఒక కణము వానిని విడుచును. మఱియొక కణము తన పైపొరపై నుండు గ్రాహకమను చెవితో ఆ పిలుపును వినును. విని విభజింపబడును, లేక స్థలము మారును, లేక చావకుండ నిలుచును. వీనిలో మొట్టమొదట కనుగొనబడినది ఒక ఎలుక సార్కోమానుండియే యనుట చాలమంది ఎఱుగని విషయము.

ఆ కథకు నాయిక రీటా లెవీ-మొంటాల్చినీ. 1938లో ముస్సోలినీ ప్రభుత్వము యూదులను విద్యాసంస్థలనుండి వెళ్లగొట్టగా, ఈమె తూరిన్ నగరములోని తన పడకగదిలోనే చిన్న ప్రయోగశాల నేర్పరచుకొని, కోడిగ్రుడ్లలోని పిండములను కోసి, నరములు పెరుగు తీరును పరీక్షించెను. యుద్ధానంతరము అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునకు కొద్దినెలలు ఉండివత్తునని పోయి, ముప్పదేండ్లు అక్కడనే పనిచేసెను. సార్కోమా-180 అను ఎలుక కణితి ముక్కను కోడిపిండమునందు అంటుకట్టినచో, చుట్టుప్రక్కల నరములు దానివైపునకు పరుగులిడి వచ్చుచున్నవని అప్పటికే ఒకరు గమనించి యుండిరి. కణితి ఏదో పదార్థమును విడుచుచున్నదని ఈమె నమ్మెను. దానిని గాజుపాత్రలో నిరూపించుటకై 1952లో, కణుతులు గల రెండు ఎలుకలను చేతిసంచిలో పెట్టుకొని రియో డి జనీరోకు విమానమెక్కెను! అక్కడ కణితి ముక్కను, నరకణముల ముద్దను ప్రక్కప్రక్కన నుంచగా, ఒక్క దినములో ఆ ముద్దచుట్టు నరపుపోగులు సూర్యబింబము చుట్టు కిరణములవలె మొలచెను. ఆమె సహచరుడగు స్టాన్లీ కోహెన్ ఆ పదార్థమును వేరుచేయ బూనుకొనెను. పామువిషమునను, ఎలుక లాలాజలగ్రంథులయందును అది మఱింత సమృద్ధిగా దొరకెను. ఆ లాలాజలగ్రంథుల రసమునే అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించినప్పుడు అవి గడువునకు ముందుగానే కన్నులు తెఱచెను. ఆ చిన్న వింతను తేలికగా త్రోసివేయక పట్టుకొని పోయినందుననే చర్మమును పెంచు రెండవ వృద్ధికారకము కోహెనునకు చిక్కినది. ఇరువురకును 1986లో నోబెల్ బహుమానము లభించెను.

మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైన వృద్ధికారకముయొక్క జాడ కూడ అదే సెయింట్ లూయిస్ నగరమున, వారిరువురు పనిచేసిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయముననే తగులుట కాకతాళీయము. పిట్యూటరీ గ్రంథి స్రవించు వృద్ధిహార్మోను ఎముక చివరి మృదులాస్థిని పెంచునని అందఱకును తెలియును. కాని ఆ హార్మోనును నేరుగా మృదులాస్థిపై పోసినచో అది అంతగా కదలలేదు, హార్మోను ఎక్కించిన ఎలుకయొక్క రక్తరసమును పోసినచో చక్కగా కదలెను. అనగా హార్మోను కేవలము తాఖీదు. దానిని మోసికొనిపోవు బంట్రోతు మఱియొకడు రక్తములో నున్నాడన్నమాట. 1957లో సాల్మన్, డాహడే అనువారు చూపిన ఈ బంట్రోతులు ఇద్దఱని తరువాత తేలినది. జ్యూరిక్ నగరమున రిండర్‌క్నెక్ట్, హుంబెల్ అనువారు 1978లో వాని నిర్మాణమును విప్పి చూడగా అవి ఇన్సులినునకు దగ్గఱి చుట్టములై యుండెను: ఒకటి 70 అమైనో ఆమ్లముల పేట, రెండవది 67 అమైనో ఆమ్లముల పేట. అందువలన వానికి ఇన్సులిన్ సదృశ వృద్ధికారకములని, పొట్టిగా ఐజీఎఫ్-1, ఐజీఎఫ్-2 అని పేర్లు. షుగరు వ్యాధి పుణ్యమా యని ఇన్సులిన్ మాట ఎఱుగని తెలుగిల్లు నేడు లేదు గనుక, ఈ బంధుత్వమును వేఱుగ వివరింప బనిలేదు.

ఐజీఎఫ్-2 గర్భస్థశిశువును పెంచునది. దీని జన్యువును చెఱచిన ఎలుకపిల్లలు సహజపు బరువులో నూటికి అరువది పాళ్లే తూగి పుట్టినవి. అచ్చట ఒక చిక్కు బయటపడెను. చెడిన జన్యువు తండ్రినుండి వచ్చినచో పిల్ల చిన్నదై పుట్టుచున్నది. తల్లినుండి వచ్చినచో పిల్లకు ఏ లోటును లేదు. తల్లి యిచ్చిన ప్రతి మొదటినుండియు మూతపడియే యున్నదని, తండ్రి యిచ్చిన ప్రతి యొక్కటే మాటాడుచున్నదని డిచియారా, రాబర్ట్‌సన్, ఎఫ్స్ట్రాటియాడిస్ అనువారు 1991లో తేల్చిరి. మనుష్యులలోను ఇంతే, ఆ జన్యువు మనకు 11వ క్రోమోజోము పొట్టికొమ్మ చివర నున్నది. తండ్రి జన్యువులు బిడ్డ పెద్దది కావలెనని లాగుననియు, తల్లి జన్యువులు ముందుకాన్పులకును కొంత దాచుకొనవలెనని పట్టి యుంచుననియు జీవపరిణామశాస్త్రజ్ఞులు దీనికి ఒక భాష్యము చెప్పుదురు. మన యిండ్లలో "ఇంకొక్క ముద్ద" అని కంచము పట్టుకొని బిడ్డ వెంట తిరుగునది తల్లియు, "చాలులెమ్ము" అనునది తండ్రియు గదా. గర్భములో వ్యవహారము తలక్రిందులైనది కాబోలు!

ఇప్పుడు కణితివైపునకు మఱలుదము. ఈ కండరపు క్యాన్సరునందు రెండు ముఖ్యమైన జాతు లున్నవి: పసివారిలో తఱచుగా కనబడు ఎంబ్రియోనల్ జాతి యొకటి, మఱింత కఠినమైన ఆల్వియోలార్ జాతి రెండవది. 1980ల చివర హైడీ స్క్రేబుల్, వెబ్‌స్టర్ కావెనీ మున్నగువారు ఎంబ్రియోనల్ కణుతులను పరిశీలించి, 11వ క్రోమోజోముయొక్క ఆ కొనభాగమున ఒక ప్రతి పోయినదనియు, పోయిన ప్రతి తల్లిదియే యనియు గుర్తించిరి. దాని స్థానమున తండ్రి ప్రతియే రెండుమారులు ఉండుట కలదు. మూతవేయు చేయి పోయి, పలుకు నోరు రెండింతలైనది. మఱికొన్ని కణుతులలో తల్లి ప్రతి ఉన్నచోటనే యుండి, మూత విడి, అదియు మాటాడుచున్నట్లు 1994లో తేలినది. ఏ దారిన వచ్చినను ఫలమొక్కటే, ఐజీఎఫ్-2 వెల్లువ. ఇదే ప్రాంతమున తేడా గలిగి, పుట్టుకతోనే పెద్దనాలుకతోను స్థూలమైన అవయవములతోను జన్మించు బెక్‌విత్-వీడెమన్ లక్షణసముదాయము గల పిల్లలకు మూత్రపిండమునందును కాలేయమునందును కణుతులు పుట్టు ప్రమాదము అధికమనియు, ఈ కండరపు క్యాన్సరు కూడ ఆ జాబితాలో నున్నదనియు వైద్యులు ఎఱిగియే యున్నారు.

ఈ వెల్లువ వినువారెవరు? కణితియే. ఐజీఎఫ్-2ను తయారుచేయు కణముపైననే దాని పిలుపు వినగల గ్రాహకమును ఉన్నదని, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో లీ హెల్మన్ బృందము 1990లో ప్రకటించెను. తానే కథ చెప్పుచు తానే ఊకొట్టుకొనుట యిది. ఊకొట్టుటకు ఇంకొకరు ఉన్నప్పుడు వారికి నిద్రవచ్చినచో కథ ఆగును, ఇచ్చట ఆగుటకు తావేది? ఆ పిలుపువలన కణము విభజింపబడుటయే గాక, ఉన్నచోటు విడిచి కదలుట కూడ నేర్చుచున్నదని వారు చూపిరి.

అయితే విషయమంతయు ఇంతే ననుకొనుట తొందరపాటు. 1991లో ఫ్లోరినీ, ఆయన సహచరులు సహజమైన కండరకణములను పెంచుచు, అవి పెరుగుట మాని పరిపక్వమైన కండరముగా మారుటకు కావలసిన ప్రేరణను గూర్చి వెదకగా, అవి తమకుతామే విడుచుకొను ఐజీఎఫ్-2యే ఆ ప్రేరణ యని తేలెను! ఒకచోట కండను పండించునదియు, మఱియొకచోట పండనీయక పెంచునదియు నొకే 67 అమైనో ఆమ్లముల పేట. ఒకే "లెమ్ము" అను మాటను విని ఒక కొడుకు లేచి పొలమునకు పోవును, ఇంకొకడు లేచి వీధులపడి తిరుగును. తప్పు ఆ మాటదా, విన్న చెవి వెనుక నున్న బుద్ధిదా? ఈ వ్యాధిని గూర్చి నాకు నచ్చిన భావన యిదియే: వృద్ధికారకము దోషి యనుకొని దానిని పట్టుకొన్నంత మాత్రమున కథ ముగియదు, చెడినది వినికిడి. శాస్త్రజ్ఞులు ఈ సంగతిని పుస్తకములలో వ్రాసి యుండియు, చికిత్సాలయములో దానిని కఠినమైన అనుభవముచేతనే నేర్వవలసి వచ్చెను.

ఆల్వియోలార్ జాతిలో ఈ వినికిడి చెడు తీరు మఱింత స్పష్టము. అందు 2వ, 13వ క్రోమోజోములు తెగి, ముక్కలను మార్చుకొని అతుకుకొనును. పాక్స్-3 అను జన్యువు తల, ఫాక్సో-1 అను జన్యువు తోక కలిసి, ప్రకృతిలో ఎన్నడును లేని ఒక ప్రోటీను పుట్టును. 1993లో ఈ అతుకు ఆనవాలు పట్టుబడెను. పాక్స్-3 పిండదశలో కండరపు పూర్వకణములను చేతులు కాళ్లు మొలచు చోట్లకు పంపు అధికారి. ఫాక్సో-1 సహజముగా ఐజీఎఫ్ పిలుపు వినబడగానే కేంద్రకమును విడిచి బయటకు పోవలసినది. అతుకుబొంత ప్రోటీను మాత్రము ఎవరు పిలిచినను కదలక కేంద్రకములోనే పీట వేసికొని కూర్చుండును. కూర్చుండి ఊరకుండునా? ఐజీఎఫ్ గ్రాహకమును, ఎఫ్‌జీఎఫ్‌ఆర్-4 అను మఱియొక వృద్ధికారక గ్రాహకమును, మెట్ అను గ్రాహకమును ఎక్కువగా తయారుచేయించును. చెవులమీద చెవులు మొలిపించుట యన్నమాట. వీనిలో మెట్ వినునది హెపటోసైట్ వృద్ధికారకమును. కణములను చెల్లాచెదరు చేయు గుణమువలన దానికి ఒకప్పుడు చెదరగొట్టు కారకమనియే పేరు. గర్భములో కండరపు పూర్వకణములు నడుమునుండి కాలుచేతులకు వలసపోవుటకు ఈ పిలుపే ఆధారము. మెట్ లేని ఎలుకపిండములకు కాళ్లలో కండరము ఏర్పడలేదు. తల్లికడుపులో బిడ్డకు చేతికండను పంపిన ఆ ప్రయాణవిద్యయే, కణితియందు ఊపిరితిత్తులకును ఎముకమజ్జకును దారితీయు విద్యగా మారుచున్నది.

ఇంత తెలిసిన పిమ్మట వైద్యులకు ఆశ పుట్టుట సహజము. చెవిలో దూది పెట్టినచో పిలుపు వినబడదు గదా! ఐజీఎఫ్ గ్రాహకమును కప్పివేయు యాంటీబాడీలు తయారైనవి. ఎలుకలలో పెంచిన మనుష్యకణుతులు వానివలన క్రుంగినవి. పెక్కు ఔషధసంస్థలు ఒకేమారు బరిలో దిగినవి. రోగులలో మాత్రము కొద్దిమందికే కణుతులు తగ్గెను, ఆ కొద్దిమందిలోను మరల లేచెను. వ్యాధి అప్పటికే ఇతర అవయవములకు ప్రాకిన పిల్లలకు మామూలు కీమోథెరపీతోపాటు సిక్సుటుముమాబ్ అను యాంటీబాడీ నిచ్చి చూచిన అమెరికా పరిశోధన ఫలితములు 2019లో వెలువడగా, మూడేండ్లపాటు వ్యాధి తిరుగబెట్టక నిలిచినవారు నూటికి సుమారు 16 మంది మాత్రమే. పూర్వముకంటె మెరుగు లేదు. ప్రయోగశాలలో కారణము వెదకగా, ఈ చెవి మూయగానే కణితి వేఱు చెవిని తెఱచుచున్నదని, ప్లేట్‌లెట్ వృద్ధికారకపు గ్రాహకమువంటివి ముందుకు వచ్చి అదే వార్తను లోపలికి అందించుచున్నవని తెలిసినది.

చెవిని విడిచి లోపలి తంతిని త్రెంపుదమని మఱికొందఱు తలచిరి. గ్రాహకమునుండి లోనికి పోవు వార్త ఎమ్‌టార్ అను కూడలి గుండ సాగును. దానిని అడ్డగించు రాపమైసిన్ అను మందు, పసిఫిక్ మహాసముద్రములోని రాపా నూయీ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవినుండి వచ్చినది. మాంట్రియల్‌లో దానిని వెలికితీసిన శాస్త్రజ్ఞుడు సురేన్ సెహగల్ భారతసంతతివాడు. దాని సంతతిదే టెమ్సిరోలిమస్. వ్యాధి తిరుగబెట్టిన పిల్లలలో, రక్తనాళముల వృద్ధికారకమును అణచు బెవాసిజుమాబ్‌తో పోల్చినప్పుడు, టెమ్సిరోలిమస్ పొందినవారే మెరుగుగా నుండిరి. కాని అదే మందును క్రొత్త రోగుల చికిత్సకు ఆదినుండియు జోడించిన పెద్ద పరిశోధన 2024లో ఫలితము చెప్పగా, అదనపు లాభము కానరాలేదు.

ఇక లాభము కనబడినది ఎచ్చట? ఆశ్చర్యము, పాతమందులయందు! మన పెరళ్లలో ఎవరును నీరు పోయకున్నను గులాబీరంగు పూలు పూయు బిళ్ళగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టిన్, మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆక్టినోమైసిన్, మొదటి ప్రపంచయుద్ధపు విషవాయువునకు మనుమడి వరుసయైన సైక్లోఫాస్ఫమైడ్, ఈ మూడును శస్త్రచికిత్సతోను రేడియేషనుతోను కలిసి దశాబ్దములుగా ఈ వ్యాధిని ఎదుర్కొనుచున్నవి. 1972లో అమెరికా వైద్యులు ఆసుపత్రుల భేదము మాని ఒకే పద్ధతిలో పరిశోధనలు మొదలుపెట్టిన నాటినుండి, నలుగురిలో ఒకరు మాత్రమే బ్రతుకుచుండిన వ్యాధిలో, నేడు కణితి ఒకేచోట నిలిచియున్నవారిలో నూటికి 70 మందికి పైగా గట్టెక్కుచున్నారు. చికిత్స ముగిసి కణితి మాయమైన పిదప, మఱి ఆరునెలలపాటు బిళ్ళగన్నేరు సంతతికే చెందిన వినోరెల్బిన్‌ను, చిన్నమోతాదు సైక్లోఫాస్ఫమైడ్‌ను కొనసాగించినచో, ఐదేండ్లకు జీవించియున్నవారు నూటికి 73.7నుండి 86.5కు పెరిగిరని 371 మందిపై జరిగిన ఐరోపా పరిశోధన 2019లో చూపెను. క్రొత్త యాంటీబాడీలు సాధింపలేనిది, పెరటిచెట్టు మందును ఓపికగా ఆరునెలలు పొడిగించుట సాధించినది.

ఎదుగుదలను అడ్డగించి క్యాన్సరును అణచు ఆలోచనకు మూలపురుషులలో ఒకడు మన భీమవరమున 1895లో పుట్టినవాడనుట ఇచ్చట చెప్పకపోయిన నాకు తృప్తి లేదు. ఎదిగెడు కణములకు అవసరమైన ఫోలిక్ ఆమ్లము పిల్లల రక్తక్యాన్సరును మఱింత రెచ్చగొట్టుచున్నదని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ గమనించినప్పుడు, దానికి విరోధియైన అమినోప్టెరిన్‌ను లెడర్లీ ప్రయోగశాలనుండి అందించినది ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వములోని బృందమే. ఎదుగుదలకు ఆధారమైనదానిని అడ్డగించి బాలుర క్యాన్సరును వెనుకకు నెట్టవచ్చునని 1948లో లోకమునకు మొదట తెలిసినది అట్లే. వృద్ధికారకములపై నేడు జరుగుచున్న యత్నములన్నియు ఆ దారిలోనివే. మొదటి దూది జాఱిపోయినంత మాత్రమున దారి తప్పని నేననను. ఎఫ్‌జీఎఫ్‌ఆర్-4ను గుఱిపెట్టుట, ఒకేమారు రెండుమూడు చెవులను మూయుట, కణమును చంపుటకు మాఱుగ దానిని పండించి నిజమైన కండరముగా మార్చుట, ఇవన్నియు ప్రయోగశాలలలో నడుచుచున్న పనులు. వీనిలో చివరిదే నాకు ఎక్కువ ఆశ కలిగించుచున్నది.

అవి మన ఊరి ఆసుపత్రికి వచ్చులోపల మనచేత నున్నది మఱియొకటి కలదు. బిడ్డ ఒంటిలో నొప్పి లేని గడ్డ రెండుమూడు వారములలో తగ్గక పెరుగుచున్నను, ఒక కన్ను ఉన్నట్టుండి ముందునకు పొడుచుకొని వచ్చుచున్నను, మూత్రములో రక్తము కనబడినను, చెవినుండియో ముక్కునుండియో చీమునెత్తురులు మందులకు లొంగకున్నను, పసుపు పట్టువేసి, తాయెత్తు కట్టి, "ఎక్కడో పడినాడు, అదే పోవును" అని రోజులు గడపవద్దు. గడ్డను కోసి తీసివేయుదమను తొందరకును లోనుగావద్దు. ముందు స్కానింగు, తరువాత చిన్న ముక్క తీసి బయాప్సీ, ఆ పిమ్మట పిల్లల క్యాన్సరు ఎఱిగిన వైద్యుని సలహా, ఇది క్రమము. వందలో తొంబదితొమ్మిది గడ్డలు ఏమియు కాకపోవచ్చును. లాలపోయు చేయి "ఇది నిన్న లేదు" అని చెప్పినప్పుడు, మరునాడే డాక్టరుకు చూపుడు.